నాలుగో విమానం

ప్రగతి నగర్, హైదరాబాద్
14 జూలై 2024, ఆదివారం

సుబ్బరాయుడు మామకు,

నేను, నీ మేనకోడలు శ్రావణిని. పెళ్ళయిన పదేళ్ళలో ఒక్క ఉత్తరం ముక్కయినా రాయని పిల్లకు ఇవాళ ఏం పుట్టిందా అని అనుమానపడుతుంటావు. పడు, తప్పులేదు. ఫోన్ చేద్దామంటే నువ్వు "ఆఁ, ఊఁ, అందరూ బాగుండారా" అని పెట్టేస్తావు. పైగా తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఆ ఫోన్‌ని కూడా బీరువాలో పడేశావట. కంటి సంగతి అమ్మ కడప నుంచి చెప్పింది. ఆ మాట ఈ ఉత్తరంలో ఎత్తను. ఎత్తితే మిగతాది చదివించుకోవని నాకు తెలుసు.

నా పని వేరే. మొన్న అటక సర్దుతుంటే నా చిన్నప్పటి ట్రంకుపెట్టెలో నీ యుద్ధవిమానం ప్లాను దొరికింది. గోధుమరంగు కాగితం మీద పెన్సిలుతో గీసినది. మూడుమూలల రెక్క, సూది ముక్కు, వెనక రెండు నిలువు తోకలు. ముక్కు వైపు బాగానే ఉంది కానీ తోక వైపు పురుగులు కొట్టేశాయి. ఆ కొలతలు నీకు గుర్తుంటే పంపు. నేను కడతాను. రిమోట్‌తో ఎగరేస్తాను.

నవ్వకు. నువ్వు కట్టిన మూడో విమానం పడిన రోజు, నువ్వు చదువు చెప్పిన పాలిటెక్నిక్ గ్రౌండులో నేనూ ఉన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నువ్వు ముక్కలన్నీ ఏరి గోనెసంచిలో వేసి, వర్క్‌షాపు తలుపు మూసి, మళ్ళీ విమానం ఊసెత్తలేదు. "సార్ గీసిందే తప్పు" అని నీ స్టూడెంట్లు గుసగుసలాడటం విన్నాను. నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. వెదురు బద్దల మీద అంత బరువు డీజిల్ ఇంజను పెడితే ఏదైనా పడుతుంది. ఇప్పుడు తేలికైన ఫోమ్ షీట్లు ఉన్నాయి, అగ్గిపెట్టెంత మోటార్లు ఉన్నాయి. నీ గీతలు తప్పో ఒప్పో తేల్చేద్దాం.

కొలతల కోసం కాచుకుని ఉన్న
శ్రావణి

ప్రొద్దుటూరు
22 జూలై 2024

చి. శ్రావణికి మామ దీవెనలు.

చేతిరాత చూసి మామ బాగుపడ్డాడనుకోకు. ఇది కింది వాటాలో ఉండే రామన్నది. ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు చూసినవాడు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దే పని అది. ఒక్క అక్షరం వదిలినా యజమాని ఊరుకునేవాడు కాదట. నీ ఉత్తరాన్ని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదివాడు. నేను చెప్పేది కూడా చెప్పింది చెప్పినట్టే రాస్తాడు. వీడికి చాదస్తం ఎక్కువ అన్నాను. అదీ రాసేశాడు చూడు.

ఎత్తనంటూనే కంటి మాట ఎత్తావు కనుక ఒక్కసారికి చెబుతాను. కుడికంట్లో శుక్లం ముదిరి తెల్లబడింది. ఎడమకంట్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. కుడికంటికి ఈ ఏడాదిలోపు ఆపరేషన్ చేయించకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుందని, ఆ తర్వాత చేయించినా చూపు రాదని ఇక్కడి డాక్టరు అన్నాడు. మా అన్న సుబ్రహ్మణ్యం ఇలాంటి ఆపరేషన్‌కే తన కాళ్ళ మీద నడిచివెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వచ్చాడు. చచ్చిపోయేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నాకు భయం. నేను వెళ్ళను. ఇక ఆ మాట వద్దు, ఎత్తితే కొలతలు పంపడం ఆపేస్తాను.

యుద్ధవిమానమే ఎందుకు గీశారు సార్ అని అప్పట్లో అందరూ అడిగేవాళ్ళు. పౌరుషమేమీ కాదు. వంకర గీతలు నాకు రావు. యుద్ధవిమానానికైతే అన్నీ స్కేలు గీతలే. తోక వైపు కొలతలకు నాకు కాగితం అక్కర్లేదు, నోటికొచ్చు. వేరే కాగితంలో రాయించాను.

ముఖ్యమైనది ఒకటే. రెక్క అడుగున రెండు చుక్కలు పెట్టాను, చూశావా? విమానం మొత్తం పూర్తయ్యాక, బ్యాటరీతో సహా, ఆ చుక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తు. ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక కిందికి వాలితే ఎగరెయ్యొద్దు. ఆ చుక్కలు సరైన చోట ఉన్నాయా లేదా అన్నదే మొదటి విమానం కట్టినప్పటి నుంచి నలభై ఏళ్ళుగా నన్ను తినేస్తున్న సంగతి.

మీ మామ
సుబ్బరాయుడు

ప్రగతి నగర్
8 సెప్టెంబర్ 2024

మామకు, విమానాల కార్ఖానా నుంచి నమస్కారాలు.

కార్ఖానా అంటే మా భోజనాల బల్ల. నెలరోజులుగా బల్ల మీద విమానం, మా ఒళ్ళో కంచాలు. మా ఆయన వినయ్ మొదట్లో ఆఫీసు పని ఎక్కువై నాకు మతి చలించిందనుకున్నాడు. ఇప్పుడు తనే గ్లూ గన్ పట్టుకుని వెనకాల తిరుగుతున్నాడు. మా అత్త కమలమ్మగారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు యుద్ధానికి పోతాంది" అని పరిచయం చేస్తోంది.

మూసాపేటలో బోర్డులు చేసేవాళ్ళకు ఫోమ్ షీట్లు అమ్మే కొట్టు ఉంది. హైటెక్ సిటీలో ఆఫీసు అవగానే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, అక్కడికి వెళ్ళి తెచ్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో నా షీట్ల వెనక నలుగురు ముక్కులు అణుచుకుని నిలబడ్డారు. మొదటి రెక్క కోశాక చూస్తే అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంది. రెండోది కోశాను. దాన్ని చూసి మా ఆఫీసులో నా పక్క సీటు ఓంకార్ పెదవి విరిచాడు. "గిది కాగితం లెక్క ఊగుతున్నది, నడుమల ఒక కర్ర పెట్టుర్రి" అన్నాడు. బోలు కార్బన్ పుల్ల ఒకటి పెట్టాం. ఇప్పుడు బిగుసుకుంది.

ఓంకార్‌కు ఇలాంటివి ఎగరేసిన అనుభవం ఉంది. భోజనాల వేళ నాతో కంప్యూటర్‌లో ఎగరేయించి నేర్పిస్తున్నాడు. కంప్యూటర్‌లో ఇప్పటికి తొంభై రెండుసార్లు కూలాను. మా ప్రగతి నగర్‌కు దుండిగల్‌లోని వాయుసేన అకాడమీ దగ్గర కాబట్టి ఇక్కడ ఎగరేయకూడదు. శంకర్‌పల్లి అవతల ఓంకార్ వాళ్ళ నాయన ఎల్లేశంగారికి సాగు లేక పడావు పడిన భూమి ఉంది. ఎగరేసేది అక్కడే.

ఒక సందేహం. రెక్క చివరి మడతల్ని కదిపే చిన్న మోటార్లు రెండూ సరిగ్గా తిరుగుతున్నాయి, కానీ నేను కుడికి తిప్పితే అది ఎడమకు తిరిగినట్టనిపిస్తోంది. ఏం చెయ్యాలి?

శ్రావణి

ప్రొద్దుటూరు
16 సెప్టెంబర్ 2024

చి. శ్రావణికి,

విమానానికి ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టున్నావు. నీ కుడి దానికి ఎడమ. వెనక్కి పోయి నిలబడి చూడు, అన్నీ సర్దుకుంటాయి. ఉద్యోగమేమో కంప్యూటర్లలో తప్పులు పట్టడమంటావు, ఇదేనా పట్టడం?

కార్బన్ పుల్ల మంచి పని. ఆ ఓంకార్ పనివాడని నేను చెప్పానని చెప్పు. నాకు అది అప్పట్లో తోచి ఉంటే మొదటి దాని రెక్క వంగేది కాదు.

మొత్తం బరువెంతో రాయి. రామన్న నన్ను చూసి నవ్వుతున్నాడు, రోజూ పోస్టుమాన్ కోసం మెట్ల మీద కూర్చుంటున్నానట. కూర్చుంటే ఏం? విమానం గనక ఎగిరితే చూడటానికి హైదరాబాదు దాకా బస్సెక్కుతాను. ఇప్పుడున్న కంటికి అది ఆకాశంలో ఆనుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ సంగతి ఎగిరిన తర్వాత మాట్లాడదాం. ఎగరకుండా మాట్లాడేది లేదు.

మామ

ప్రగతి నగర్
14 అక్టోబర్ 2024, సోమవారం

మామా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. నిన్న ఎగరేశాం. పడిపోయింది.

ఏదీ వదలకుండా చెబుతాను. శుక్రవారం రాత్రికి విమానం పూర్తయింది. వంటింటి తూకం మీద పెడితే ఆరువందల నలభై గ్రాములు. నీ చుక్కల కింద వేళ్ళు పెట్టి ఎత్తాను. ముక్కు కొంచెం కిందికి వాలింది. వినయ్ వచ్చి ఎత్తినా అంతే. శనివారం దసరా, ఇంట్లో ఆయుధపూజ. నా లాప్‌టాప్, వినయ్ బండి, వాటి పక్కన విమానం. అన్నింటికీ పసుపు కుంకుమ పడ్డాయి. ఆదివారం పొద్దున్నే అత్తగారితో సహా అందరం శంకర్‌పల్లి వెళ్ళాం. గాలి లేదు. ఓంకార్ మడతలన్నీ చూశాడు. వినయ్ చేత్తో విసిరాడు, రిమోట్ నా దగ్గర.

పది అడుగులు పోయిందో లేదో ముక్కు పైకెత్తింది. నేను కిందికి నొక్కాను. వినలేదు. ఇంకా పైకెత్తి, ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఎడమ పక్కకు ఒరిగి, వెనక్కి కూలిపోయింది. ముక్కు నలిగింది, రెక్క రెండు ముక్కలు. ఎల్లేశంగారు "ఫికర్ చెయ్యకు బిడ్డా, మల్ల కట్టుకుందువు" అన్నారు. నాకు మాత్రం తొమ్మిదేళ్ళప్పటి ఆ గ్రౌండే కళ్ళముందు ఆడింది. ముక్కలు తెచ్చి బాల్కనీలో పడేశాను, వాటి వైపు చూడబుద్ధి కావడం లేదు.

మళ్ళీ కడతాను. నువ్వు మాత్రం మనసు పాడుచేసుకోకు.

శ్రావణి

(వేరే చీటీ)

రామన్నగారికి నమస్కారాలు. ఈ చీటీ మామకు చదవొద్దు. నిజానికి ఈ విమానం నేను మొదలుపెట్టిందే మామను ఆపరేషన్‌కు ఒప్పించడానికి. చూడటానికంటూ ఒకటి ఉంటే కన్ను కావాలనిపిస్తుందని నా ఆశ. ఇప్పుడు ఇది పడిపోయిందని మామ వెనక్కి తగ్గకుండా మీరే ఎలాగైనా నచ్చజెప్పాలి. ఏడాది దాటిపోతోంది. – శ్రావణి

ప్రొద్దుటూరు
21 అక్టోబర్ 2024

శ్రావణికి,

రామన్న నీ చీటీ కూడా చదివాడు. "మామకు చదవొద్దు" అన్న వాక్యాన్ని కూడా గట్టిగా చదివి, చివరికొచ్చాక గానీ తను చేసిన పని తెలుసుకోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, వాణ్ణి ఏమనను? పాపం, ఆ పూట అన్నం కూడా తినలేదు.

నా గీతల మీద నమ్మకంతో కడుతున్నావనుకున్నాను. పిల్లలకు మాత్ర మింగించడానికి బెల్లం ముక్క చూపిస్తారే, ఆ ముక్క నా విమానమా? అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి పోస్టుమాన్ కోసం మెట్ల మీద కూర్చోబెట్టావు. అది బాధ.

అంతకన్నా పెద్ద బాధ వేరే ఉంది. ముక్కెత్తి, నిలబడి, ఒరిగి, వెనక్కి పడిందన్నావు. నా మూడూ అలాగే పడ్డాయి. ఇన్నాళ్ళూ ఇంజను బరువని, వెదురని సాకులు చెప్పుకున్నాను. నీకు ఇంజనూ లేదు, వెదురూ లేదు. చుక్కలే తప్పు. అంటే నేనే తప్పు. ఆ పిల్లలు వెనకాల అన్న మాట నిజమే.

ఇక కట్టొద్దు. నేను చూడాల్సింది ఏమీ లేదు, కాబట్టి కన్నూ అక్కర్లేదు.

సుబ్బరాయుడు

ప్రగతి నగర్
28 అక్టోబర్ 2024

మామా, దణ్ణం పెడతాను, ఇది పూర్తిగా చదివించుకో. రామన్నగారూ, ఈసారి ఒక్క అక్షరం కూడా వదలకండి.

ముందు నా తప్పు. అవును, కంటి కోసమే మొదలుపెట్టాను. అమ్మ ఫోన్లో ఏడిస్తే నాకు తోచిన దారి అదే. కానీ రెండో రెక్క కోసేటప్పటికి నాకు కన్ను గుర్తులేదు, ఆపరేషన్ గుర్తులేదు. నీ గీతల మీద బ్లేడు పెట్టి లాగుతుంటే రెండు అంచులూ సూది మొనలా వచ్చి కలిశాయి. అప్పటినుంచి అది ఎగరాలన్నదొక్కటే నా ఆశ. నీకు చెప్పకుండా దాచినందుకు సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం చదివి ఏడుపొచ్చి, పనికొచ్చే మోటార్లయినా విప్పుకుందామని నిన్న ఆ ముక్కలు ముందేసుకున్నాను. తోక దగ్గర డబ్బాలా బోలుగా ఉంటుంది చూడు, అక్కడ నేను వేయని టేపు ముక్క ఒకటి కనబడింది. పీకితే లోపల ఎండిపోయిన నిమ్మకాయ, దాని పక్కన మడిచిన రాగిరేకు!

అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ ముఖం మాడిపోయింది. "కొత్త బండికి నిమ్మకాయ కట్టకుండా ఎట్ల పంపుతాం శ్రావణీ? ముక్కుకు కడితే ఫ్యాను కొట్టేస్తుంది. పైన కడితే నువ్వు పీకి పారేస్తావు. దిష్టి తగలకూడదని లోపల పెట్టినా" అంది. దసరా రోజు పూజయ్యాక, మేం పడుకున్న తర్వాత పెట్టిందట. రాగిరేకు వాళ్ళ ఊరి ఆంజనేయస్వామి గుడిలోది, వినయ్ మొదటి కారు నుంచి తీసి దీనికిచ్చింది. తనకు ఎంతో విలువైనది ఇచ్చింది మామా, కోప్పడలేకపోయాను. నేను శుక్రవారం తూచాను, శనివారం బరువు మారింది, ఆదివారం మళ్ళీ తూచకుండా ఎగరేశాను. తప్పులు పట్టడం నా ఉద్యోగమట!

నీ చుక్కలు తప్పు కాదు. తోకలో నిమ్మకాయ ఉంది.

శ్రావణి

ప్రొద్దుటూరు
4 నవంబర్ 2024

శ్రావణికి,

నిమ్మకాయ కథ బాగుంది. రామన్న చదువుతూ చదువుతూ నవ్వాపుకోలేక రెండుసార్లు ఆగాడు. ఒకసారి బెల్లం ముక్క చూపించినదానివి, ఇంకోసారి చూపించవని నమ్మకమేమిటి? ముసలాయన మనసు కుదుటపడాలని అత్తా కోడళ్ళు కూర్చుని అల్లి ఉండొచ్చు.

కట్టుకథలు చెప్పేవాళ్ళు కొలతలు చెప్పరు. అంత సైజు పచ్చి నిమ్మకాయ ఎంత తూగుతుంది? రాగిరేకు ఎంత? నా చుక్కల నుంచి అవి ఎన్ని సెంటీమీటర్లు వెనక ఉన్నాయి? ఈ మూడూ రాయి. ఇంకేమీ రాయకు.

సుబ్బరాయుడు

ప్రగతి నగర్
9 నవంబర్ 2024

మామకు,

నిమ్మకాయ నలభై గ్రాములు. రాగిరేకు ఇరవై గ్రాములు. చుక్కల నుంచి ముప్పై సెంటీమీటర్లు వెనక.

ఇంకేమీ రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు.

శ్రావణి

ప్రొద్దుటూరు
15 నవంబర్ 2024

చి. శ్రావణికి మామ దీవెనలు.

ముందు నీ మాట మీద నమ్మకం లేక రామన్న, నేను కలిసి కిరాణా కొట్టుకు పోయి నిమ్మకాయలు తూయించాం. ఒక్కొక్కటి విడిగా తూయమంటే కొట్టువాడు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. పెద్దవి నలభైకి అటూ ఇటూ వచ్చాయి. సరే.

తర్వాత మెట్ల మీద కూర్చుని లెక్క వేశాను, రామన్న అంకెలు రాశాడు. అరవై గ్రాముల్ని ముప్పైతో హెచ్చించి, విమానం మొత్తం ఏడువందలతో భాగిస్తే రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు. అంటే విమానం బరువు నిలిచే చోటు నా చుక్కల నుంచి అంత వెనక్కి జరిగిపోయింది. కొలతల కాగితంలో నేను ఇచ్చిన హద్దు ఒక్క సెంటీమీటరే. రెండున్నర జరిగితే ఆ విమానం చేతిలోంచి వదలగానే ముక్కెత్తుతుంది, కిందికి నొక్కినా వినదు, నిలబడిపోయి వెనక్కి పడుతుంది. పడిన మర్నాడు నువ్వు రాసింది సరిగ్గా అదే. అప్పటికి నీకు నిమ్మకాయ సంగతి తెలియదు. తెలియని నిమ్మకాయకు సరిపోయేటట్టు ఎవరూ అబద్ధం చెప్పలేరు.

రామన్న చేత మూడుసార్లు లెక్క చదివించుకున్నాను. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. ఇది రాయొద్దురా అంటే వింటాడా!

నా పాతవి మూడూ ఎందుకు పడ్డాయో కూడా ఇప్పుడు అర్థమవుతోంది. ఇంజను వెనక పెట్టి, చుక్కల దగ్గర నిలవడానికి ముక్కులో బరువు పెట్టాల్సి వస్తే, బరువు పెరుగుతుందని నేనే సగం తీసేసేవాణ్ణి. చుక్కలు గీసింది నేనే, వాటిని నమ్మనిదీ నేనే.

కమలమ్మగారిని ఒక్క మాట అనొద్దు. ఆవిడ పుణ్యమా అని నలభై ఏళ్ళ లెక్క తేలింది.

విమానం మళ్ళీ కట్టు. ఆస్పత్రి తేదీ తీసుకో. భయం పోయిందనుకోకు, అలాగే ఉంది. భయంతోనే వస్తున్నాను. బస్సులో రామన్న తోడొస్తాడు.

మామ

ప్రగతి నగర్
29 డిసెంబర్ 2024, ఆదివారం

మామకు, ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

కుడికంటి ఆపరేషన్ అయి నువ్వు ఊరికి బస్సెక్కి వారమైంది. అత్తగారు నీకు చుక్కల మందు వేసే వేళకు ఇప్పటికీ అలవాటుగా ఆ గది వైపు వెళ్ళి తిరిగొస్తోంది. కట్టు విప్పిన రోజు నువ్వు ఆవిడ ముఖం కేసి చూసి "ఓహో, నిమ్మకాయ పెట్టింది నువ్వేనామ్మా" అన్నావట. ఆ మాట ఫోన్లో ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు.

గడిచిన ఆదివారం నా మనసులోంచి పోవడం లేదు. ఓంకార్ వాళ్ళ పొలంలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నువ్వు నా పక్కన నిలబడ్డావు. ఎగరేసే ముందు నువ్వే వేళ్ళు పెట్టి ఎత్తి చూశావు, ఎత్తి అలాగే ఉండిపోయావు. నేను పిలిస్తే గానీ దింపలేదు. తర్వాత మూడున్నర నిమిషాలు! రెండు చుట్లు తిరిగింది, ఎండలో తెల్లగా మెరిసింది. చివర్లో నువ్వు "దింపు మే శ్రావణీ, చాలు" అన్నావు. గడ్డిలో మెత్తగా దిగింది, ఒక్క గీత పడలేదు. నేను అందరి ముందూ ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఒక్కటే లోటు. వినయ్ విసిరేటప్పుడు నేను భయంతో తలొంచుకుని రిమోట్ వైపే చూశాను. తలెత్తేసరికి అది పైకి పోయింది. విసురులో వినయ్ బోర్లా పడ్డాడు, కాబట్టి తనూ చూడలేదు. ఓంకార్ పరుగెత్తి వినయ్‌ని లేపాడు. అత్తగారు విమానం వైపు చూడకుండా సూర్యుడికి దణ్ణం పెడుతోంది. ఆ మొదటి పది అడుగులు చూసింది నువ్వు, ఎల్లేశంగారు. ఆయన్ను అడిగితే "సక్కగ పోయింది బిడ్డా" అంటారు, అంతకుమించి ఒక్క ముక్క రాదు. నువ్వు వివరంగా రాయి. చేతిలోంచి ఎలా వదిలింది? కిందికి దిగి లేచిందా, నేరుగా పోయిందా? ముక్కు ఎలా ఉంది? నువ్వు చూశావన్నదే నాకు పండగ.

శ్రావణి

ప్రొద్దుటూరు
5 జనవరి 2025

చి. శ్రావణికి మామ దీవెనలు.

ఇది నా చేతిరాతే. అక్షరాలు కోడి కెలికినట్టున్నా సర్దుకో. నీ ఉత్తరం నేనే చదువుకున్నాను. పక్కన కూర్చుని వింటూ రామన్న రెండు చోట్ల కామా వదిలేశానన్నాడు. పాపం, వాడికి ఇప్పుడు పని లేదు.

మూడురోజులుగా నీకేం జవాబు రాయాలా అని తిరుగుతున్నాను. ఇక్కడ అందరికీ చెప్పేశాను. అరుగు మీద కూర్చోబెట్టి మరీ చెప్పాను. వినయ్ చేతిలోంచి బాణంలా వదిలిందని, ఒక జానెడు కిందికి దిగి తర్వాత లేచిందని, ముక్కు గీత గీసినట్టు నిలిచిందని. నా దగ్గర చదివిన భరత్ ఇప్పుడు పాలిటెక్నిక్‌లో లెక్చరరు. అతనూ వచ్చి విన్నాడు. "సార్, మీ చుక్కలు మా పిల్లలకు చూపిస్తాను" అని నేను నీ దగ్గర నుంచి తెచ్చుకున్న ప్లాను తీసుకుపోయాడు. అంత బాగా చెప్పాను.

ఆ చెప్పిందంతా కల్పన. వాళ్ళకు చెప్పగలిగాను గానీ నీకు రాయలేను.

వినయ్ చెయ్యి వెనక్కి లాగాడు చూడు, అప్పుడే నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను శ్రావణీ. కావాలని కాదు, వాటంతట అవే మూసుకున్నాయి. మూడుసార్లు ఆ పది అడుగుల్లోనే నా ప్రాణం పోయింది. నాలుగోసారి చూసే ధైర్యం లేకపోయింది. నల్లద్దాల వెనక కాబట్టి ఎవరికీ తెలియలేదు. "అగో, పోతున్నది" అని ఎల్లేశం అన్నాక తెరిచాను. అప్పటికి అది మలుపు తిరిగి మన వైపే వస్తోంది. ఎండలో నా మూడుమూలల రెక్క, నా గీతలన్నీ ఉన్నవున్నట్టే. ఆ తర్వాత రెప్ప కూడా వేయలేదు. కానీ నువ్వు అడిగింది ఆ ముందరిది. అది నేను చూడలేదు. దేనికోసమైతే కన్ను బాగుచేయించుకుని వచ్చానో, అదొక్కటే చూడలేదు.

అందరికీ అబద్ధం చెప్పి తిరగడం నా వల్ల కావడం లేదు. కాబట్టి మళ్ళీ ఎగరేయాలి. నువ్వు తల వంచకూడదు, నేను కళ్ళు మూయకూడదు. ఇక్కడి డాక్టరుకు ఎడమకన్ను చూపించాను. అది కూడా మసకబారింది, ఇంకా ఆగవచ్చు అన్నాడు. ఎందుకాగాలి అన్నాను. ఒక్క కంటితో అది ఎంత దూరంలో ఉందో సరిగ్గా తెలియడం లేదు. రెండూ కావాలి.

ఎడమకంటికి తేదీ తీసుకుని రాయి. ఈసారి నన్నెవరూ ఒప్పించక్కర్లేదు. బస్సు టికెట్టు నేనే తీసుకుంటాను.

మీ మామ
సుబ్బరాయుడు